మనోవ్యాధి మగపిల్లల్లో ముందు, ఆడవారిలో ఆలస్యం – ఎందుకు?



క్షయ, మలేరియా, రక్తహీనత, ఎయిడ్స్... ఈ జబ్బుల గురించి మనకు పాఠాల్లో చెప్పారు, గోడల మీద పోస్టర్లు అంటించారు. మెదడుకు వచ్చే జబ్బుల గురించి మాత్రం ఎవరూ చెప్పరు. జ్వరం వస్తే నలుగురికీ చెప్పుకుంటాం, మతి చెదిరితే నలుగురికీ తెలియకుండా దాచుకుంటాం. ఆ దాపరికం వల్ల ఎన్ని చదువులు ఆగిపోయాయో, ఎన్ని కాపురాలు చెడిపోయాయో లెక్క లేదు. అందుకే ఈ సంచికకు సైన్సు వ్యాసం రాయమని సంపాదకవర్గం వారు అడగగానే ఈ విషయం ఎంచుకున్నాను.

దీనికి ఇంకో కారణం కూడా ఉంది. స్కిజోఫ్రీనియా అనే మనోవ్యాధి మగవారిలో ఎక్కువగా 18 నుంచి 25 ఏళ్ళ మధ్య మొదలవుతుంది. అంటే ఇంటర్, డిగ్రీ, పీజీ చదివే వయసు, మనం హాస్టల్లో ఉండే వయసు. ఆడవారిలో ఎక్కువగా 25 నుంచి 35 ఏళ్ళ మధ్య, అంటే చాలామందికి పెళ్ళయి పిల్లలు పుట్టిన తర్వాత, బయటపడుతుంది. మళ్ళీ 45 దాటాక, నెలసరి ఆగిపోయే వయసులో, ఆడవారిలోనే రెండోసారి కొత్త కేసులు పెరుగుతాయి. మగవారిలో ఈ రెండో పెరుగుదల ఉండదు. జబ్బు ఒకటే అయినా మగపిల్లవాడికి చదువు పోతుంది, ఆడపిల్లకు కాపురం పోతుంది. ఈ తేడా ఎందుకు వచ్చిందో తెలుసుకోవాలంటే మెదడులోని రసాయనాల దగ్గర మొదలుపెట్టాలి.

స్కిజోఫ్రీనియా అంటే ఏమిటి?

ఈ పేరు పెట్టినవాడు స్విట్జర్లాండ్ వైద్యుడు యూజెన్ బ్లాయిలర్. 1908లో ఆయన ఈ మాట వాడాడు. గ్రీకు భాషలో 'చీలిన మనసు' అని దీని అర్థం. ఆ పేరు వల్లనే ఒక పొరపాటు అభిప్రాయం కూడా పుట్టింది. 2005లో వచ్చిన 'అపరిచితుడు' సినిమాలో హీరో ఒకసారి ఒక మనిషిగా, ఇంకోసారి వేరే మనిషిగా మారిపోతాడు. చాలామంది స్కిజోఫ్రీనియా అంటే అదే అనుకుంటారు. అది వేరే సమస్య. స్కిజోఫ్రీనియాలో మనిషి ఇద్దరుగా మారడు. అతని ఆలోచనకు, అనుభూతికి, చుట్టూ ఉన్న వాస్తవానికి మధ్య ఉండవలసిన లంకె తెగిపోతుంది.

లక్షణాలను డాక్టర్లు రెండు గుంపులుగా చూస్తారు. మొదటిది, లేనివి వచ్చి చేరడం. ఎవరూ లేకపోయినా మాటలు వినిపిస్తాయి. ఎవరో తనను వెంబడిస్తున్నారని, అన్నంలో ఏదో కలిపారని, తన ఆలోచనలు అందరికీ తెలిసిపోతున్నాయని గట్టిగా నమ్ముతారు. రెండవది, ఉన్నవి పోవడం. మాట తగ్గిపోతుంది. ముఖంలో సంతోషం గాని, దుఃఖం గాని కనిపించదు. స్నానం మీద, బట్టల మీద, చదువు మీద శ్రద్ధ పోతుంది. స్నేహితులకు దూరంగా జరిగిపోతారు.

మొదటి గుంపు లక్షణాలు చూసి 'గాలి సోకింది' అంటారు. రెండో గుంపు లక్షణాలు చూసి 'బద్ధకం', 'పొగరు', 'లవ్ ఫెయిల్యూర్' అంటారు. ఈ రెండూ ఒకే జబ్బుకు రెండు ముఖాలని తెలిసినవారు తక్కువ.

బెంగళూరు నిమ్‌హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం స్కిజోఫ్రీనియా, దానికి దగ్గరి జబ్బులతో ఆ సమయంలో బాధపడుతున్న పెద్దలు 0.4 శాతం, అనగా వెయ్యికి నలుగురు. 2011 జనాభా లెక్కల్లో అప్పటి కృష్ణా జిల్లా జనాభా 45 లక్షల పైచిలుకు. అందులో పెద్దవారు 30 లక్షలు అనుకున్నా, ఈ నిష్పత్తి ప్రకారం 12 వేల మంది అవుతారు. బందరులో, గుడివాడలో, దివిసీమలో మనకు కనబడేది రోడ్ల మీద తిరిగే కొద్దిమందే. మిగిలినవారు ఇళ్ళల్లో, తలుపుల వెనక ఉన్నారు.

డోపమైన్ – కాలువ నీళ్ళ లెక్క

మెదడులోని నాడీకణాలు ఒకదానికొకటి రసాయనాల ద్వారా కబురు పంపుకుంటాయి. ఆ రసాయనాలలో ఒకటి డోపమైన్. 'ఇది ముఖ్యమైన విషయం, దీన్ని పట్టించుకో' అని మెదడుకు చెప్పేది ఇదే.

దీన్ని కనుగొన్న కథలో మన దేశానికీ భాగం ఉంది. సర్పగంధ వేరును మన నాటు వైద్యులు ఎప్పటినుంచో పిచ్చికి మందుగా వాడేవారు. 1931లో కలకత్తా డాక్టర్లు గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ దాని గురించి వైద్య పత్రికలో రాశారు. 1952లో ఆ వేరు నుంచి రిసర్పిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. 1957లో, మన ప్రకాశం బ్యారేజీ పూర్తయిన ఏడాదే, స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్ళకు రిసర్పిన్ ఇస్తే అవి కదలకుండా పడిపోయాయి. డోపమైన్‌గా మారే పదార్థాన్ని ఎక్కించగానే లేచి తిరిగాయి. మెదడులో డోపమైన్‌కు సొంత పని ఉందని అలా తెలిసింది. ఆయనకు 2000లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇంకోవైపు 1952లో పారిస్‌లో డిలే, డెనికర్ అనే డాక్టర్లు క్లోర్‌ప్రోమజైన్ అనే మందు మనోరోగులకు పనిచేస్తుందని చూపించారు. ఈ రకం మందులన్నీ మెదడులో డోపమైన్ వచ్చి అంటుకునే చోట్లను, అనగా గ్రాహకాలను, అడ్డుకోవడం ద్వారా పనిచేస్తాయని 1970లలో రుజువైంది.

అయితే 'డోపమైన్ ఎక్కువైతే పిచ్చి' అని ఒక్క ముక్కలో చెప్పలేం. డెల్టా పిల్లలకు ఇది తేలికగా అర్థమవుతుంది. కాలువకు నీళ్ళు వదిలినప్పుడు ఎగువన గండిపడితే ఆ పొలాలు మునిగిపోతాయి. అదే సమయంలో కోడూరు, నాగాయలంక వైపు శివారు భూములకు తడి అందదు. స్కిజోఫ్రీనియాలో కూడా ఇలాగే జరుగుతుందని శాస్త్రజ్ఞుల అవగాహన. మెదడు లోపలి భాగంలో డోపమైన్ పొంగుతుంది. అప్పుడు అక్కరలేని ప్రతి చిన్న విషయమూ ముఖ్యంగా కనిపిస్తుంది. దారిన పోయేవాడు దగ్గినా అది తన కోసమే అనిపిస్తుంది. నుదుటి వెనక ఉండే ముందు భాగంలో మాత్రం డోపమైన్ తక్కువవుతుంది. అక్కడ తక్కువైతే పూనుకొని పని మొదలుపెట్టే శక్తి, ముందుచూపు, ఉత్సాహం తగ్గుతాయి. మందులు పొంగును ఆపినంత బాగా శివారుకు నీళ్ళు పంపలేవు. మందులతో వినికిళ్ళు తగ్గినా హుషారు వెంటనే రాకపోవడానికి ఇదొక కారణం.

లస్కరు పని చేసే ఈస్ట్రోజెన్

ఇక ఆడ, మగ తేడాకు వద్దాం. జర్మనీలోని మాన్‌హైమ్ నగరంలో హైన్జ్ హెఫ్నర్ అనే శాస్త్రవేత్త 1980ల చివర జబ్బు కొత్తగా వచ్చినవారిని పెద్ద సంఖ్యలో పరిశీలించారు. మొట్టమొదటి లక్షణం ఎప్పుడు కనిపించిందో రోగినీ, ఇంట్లోవారినీ అడిగి రాసుకున్నారు. ఆడవారిలో జబ్బు సగటున మూడు, నాలుగేళ్ళు ఆలస్యంగా మొదలవుతోందని తేలింది. ఆడవారిని కొంతకాలం ఏదో కాపాడుతోందని, అది ఈస్ట్రోజెన్ అనే హార్మోను కావచ్చని ఆయన ఊహించారు.

ఊహతో ఆగలేదు. 1991లో ఎలుకల మీద ప్రయోగాలు ప్రచురించారు. ఈస్ట్రోజెన్ ఇచ్చిన ఎలుకలలో, డోపమైన్‌కు సంబంధించిన మందులు ఇచ్చినప్పుడు రావలసిన ప్రవర్తన మార్పులు తక్కువగా వచ్చాయి. అనగా డోపమైన్ గ్రాహకాల సున్నితత్వాన్ని ఈస్ట్రోజెన్ కొంత తగ్గిస్తోంది. మన భాషలో చెప్పాలంటే, లాకుల దగ్గర ఉండే లస్కరు నీటి ఉరవడి చూసి షట్టరు కొంచెం దించినట్లు. లస్కరు కాలువను ఆపడు, ఉరవడి తగ్గిస్తాడు. ఈస్ట్రోజెన్ జబ్బును పూర్తిగా ఆపదు, వాయిదా వేస్తుంది, కొంత మెత్తబరుస్తుంది.

ఈ సంగతి తెలిస్తే మిగతావి వాటంతటవే అర్థమవుతాయి. నెలసరికి ముందు, ఈస్ట్రోజెన్ తగ్గే రోజుల్లో, కొందరు స్త్రీలకు లక్షణాలు పెరుగుతాయి. కాన్పు అయిన వెంటనే ఈ హార్మోను ఒక్కసారిగా పడిపోతుంది, ఆ తొలి వారాల్లో తీవ్రమైన మనోవ్యాధులు బయటపడే ప్రమాదం ఎక్కువ. నెలసరి ఆగిపోయాక రెండోసారి కేసులు పెరగడం కూడా ఇందుకే కావచ్చు. బాలింత నిద్రపోకుండా ఏదేదో మాట్లాడుతుంటే 'బాలింత గాలి' అని తాయెత్తు కట్టడం మన ఊళ్ళల్లో ఉంది. అది వెంటనే డాక్టరుకు చూపించవలసిన అత్యవసర పరిస్థితి.

ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో పనిచేస్తున్న డాక్టర్ జయశ్రీ కులకర్ణి ఈ ఆలోచనను వైద్యంగా పరీక్షించారు. మామూలు మందులతో పాటు ఈస్ట్రోజెన్ పట్టీని చర్మం మీద అంటించి 102 మంది స్త్రీలపై చేసిన అధ్యయనం 2008లో వెలువడింది. పట్టీ ఉన్నవారిలో లక్షణాలు ఎక్కువ తగ్గాయి. అయితే ఈ హార్మోనుతో గర్భాశయానికి, రొమ్ముకు ప్రమాదాలు ఉన్నాయి కనుక ఇది అందరికీ వాడే మందు కాలేదు. ఎవరూ సొంతంగా వాడకూడదు.

మగవారి వైపు నుంచి కూడా ఒక ఆధారం దొరికింది. యౌవనంలో మెదడు తనకు అక్కరలేని నాడీ సంధులను కత్తిరించుకుంటుంది, చేలో కలుపు తీసినట్లు. సి4 అనే జన్యువు ఈ పనిలో పాలుపంచుకుంటుందని, అందులో కొన్ని రకాలు ఉన్నవారికి జబ్బు ప్రమాదం ఎక్కువని 2016లో అమెరికా శాస్త్రవేత్తలు చెప్పారు. కలుపుతో పాటు పైరు కూడా పీకేసినట్లు అవుతుందన్నమాట. ఆ జన్యువు ప్రభావం మగవారి మీద ఎక్కువగా ఉంటుందని 2020లో మరో అధ్యయనం తేల్చింది.

మన దేశంలో లెక్క కొంచెం వేరు

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. 1998లో బెంగళూరు నిమ్‌హాన్స్ పరిశోధకులు మన రోగుల వివరాలు చూస్తే, జబ్బు మొదలైన వయసులో ఆడ, మగ తేడా పడమటి దేశాల్లో కనిపించినంత స్పష్టంగా కనిపించలేదు. అలాగే కుటుంబంలో ఇదివరకే జబ్బు ఉన్నవారిని విడిగా చూస్తే ఆ తేడా తగ్గిపోతుందని హెఫ్నర్ బృందమే తరువాత చెప్పింది. లస్కరు ఎంత జాగ్రత్తగా ఉన్నా వరద మరీ పెద్దదైతే లాకులు ఆగవు కదా!

అందుచేత పైన చెప్పిన వయసులు సగటు లెక్కలే. 19 ఏళ్ళ అమ్మాయికి రాదని గాని, 35 ఏళ్ళ మగవాడికి రాదని గాని అనుకోకూడదు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం సుమారు పది శాతం. మిగిలిన తొంభై మందికి రాదన్న మాట కూడా గుర్తుంచుకోవాలి. ఒకే పోలికగల కవలల్లో ఒకరికి వస్తే రెండోవారికి వచ్చేది సుమారు సగం సార్లే. కాబట్టి ఇది తలరాతా కాదు, పూర్వజన్మ పాపమూ కాదు.

పాలు చేపడం, మనుషులు కలవడం – ఆక్సిటోసిన్

మన ఊళ్ళల్లో గేదె చేపకపోతే కొందరు సూది వేస్తారు. అలా వాడటం తప్పు, చట్టవిరుద్ధం. ఆ సూదిలో ఉండే మందు ఆక్సిటోసిన్. కాన్పు సమయంలో ఆసుపత్రిలో తల్లులకు ఇచ్చేదీ అదే. 1906లో హెన్రీ డేల్ అనే శాస్త్రవేత్త దీని ప్రభావాన్ని మొదట గమనించాడు. తొమ్మిది అమైనో ఆమ్లాల చిన్న గొలుసు ఇది. దీన్ని ప్రయోగశాలలో తయారు చేసినందుకు డు వీన్యో అనే రసాయన శాస్త్రవేత్తకు 1955లో నోబెల్ వచ్చింది.

ఈ హార్మోను పని పాలు, పురుడు వరకే అని చాలాకాలం అనుకున్నారు. తరువాత తెలిసిందేమిటంటే, తల్లీబిడ్డల మమకారం, ఎదుటివారి ముఖం చూసి మనసు గ్రహించడం, నమ్మకం వంటి సామాజిక ప్రవర్తనలో కూడా దీనికి పాత్ర ఉంది. ఇది మగవారి మెదడులోనూ ఉంటుంది.

అమెరికాలోని చికాగోలో లియా రూబిన్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. స్కిజోఫ్రీనియా ఉన్న స్త్రీ పురుషుల రక్తంలో ఆక్సిటోసిన్ ఎంత ఉందో చూశారు. అది ఎక్కువగా ఉన్న రోగులు, ఆడవారైనా మగవారైనా, నలుగురితో కలిసే ప్రవర్తనలో మెరుగ్గా ఉన్నారు. ఆడవారిలో మాత్రం ఇంకొక విషయం కూడా కనిపించింది. ఆక్సిటోసిన్ ఎక్కువగా ఉన్నవారిలో భ్రమలు, వినికిళ్ళ తీవ్రత కూడా తక్కువగా ఉంది. మగవారిలో ఆ సంబంధం లేదు. మరుసటి ఏడాది అదే బృందం, ఆక్సిటోసిన్ ఎక్కువ ఉన్న స్త్రీలు ఎదుటివారి ముఖాలను మరింత సంతోషంగా ఉన్నట్లు చూస్తున్నారని చెప్పింది.

ఇది వినగానే 'అయితే ఆ సూది వేస్తే సరిపోతుందా?' అనిపిస్తుంది. సరిపోదు. రక్తంలో ఉన్నంత మెదడులో ఉంటుందని చెప్పలేం. ముక్కులో కొట్టే స్ప్రేగా ఇచ్చి చేసిన ప్రయోగాలలో కొన్నిటిలో మేలు కనిపించింది, కొన్నిటిలో కనిపించలేదు. అయినా ఈ పరిశోధన మనకు ఒక ముఖ్య విషయం నేర్పుతుంది. మనుషులతో కలవలేకపోవడం ఈ జబ్బులో స్వభావ దోషం కాదు, అదీ ఒక లక్షణమే. జ్వరం వచ్చినవాణ్ణి 'ఒళ్ళెందుకు కాలుతోంది?' అని తిట్టం కదా.

ఒకే జబ్బు, రెండు రూపాలు

సగటున చూస్తే మగవారిలో రెండో గుంపు లక్షణాలు ఎక్కువ. ముడుచుకుపోవడం, మాట్లాడకపోవడం, పని వదిలేయడం. జబ్బు బయటపడక ముందు నుంచే చదువులో, స్నేహాల్లో వెనకబడటం కనిపిస్తుంది. దానికి తోడు పొగ, మద్యం, గంజాయి మగపిల్లల్లోనే ఎక్కువ. చిన్న వయసులో గంజాయి అలవాటు పడితే ఈ జబ్బు ప్రమాదం పెరుగుతుందని అనేక దేశాల పరిశోధనలు చెబుతున్నాయి. ఆడవారిలో అనుమానాలు, దిగులు, ఏడుపు, ఆందోళన ఎక్కువగా కనబడతాయి. ముఖం చూసి భావం పట్టుకోవడం, సంబంధాలు నిలుపుకోవడం వారిలో కొంత మెరుగ్గా ఉంటుంది.

నేను డిగ్రీ చదివే రోజుల్లో మాకు ఒక సీనియర్ అన్న ఉండేవాడు. లెక్కల్లో అతన్ని మించినవాడు లేడు. రెండో సంవత్సరంలో స్టడీ అవర్‌కు రావడం మానేశాడు. పగలంతా దుప్పటి కప్పుకొని, రాత్రంతా వరండాలో నడిచేవాడు. పండక్కి ఇంటి నుంచి తెచ్చిన ట్రంకు పెట్టె నెల రోజులు తెరవలేదు. మెస్సులో కంచం వాసన చూసి లేచిపోయేవాడు. కొందరు 'లవ్ ఫెయిల్యూర్' అన్నారు, కొందరు 'ర్యాంకు వచ్చిందని పొగరు' అన్నారు. హాజరు తక్కువైందని పేరు కొట్టేశారు. వాళ్ళ నాన్న వచ్చి తీసుకెళ్ళి రెండేళ్ళు భూతవైద్యుల చుట్టూ తిప్పాడు, ఉన్న అరెకరం కౌలు పెట్టుబడి దానికే అయిపోయింది. ఆ తరువాత ఎవరో చెబితే మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్ళారు. ఇప్పుడు దివిసీమలో ఒక రొయ్యల చెరువు దగ్గర లెక్కలు రాస్తున్నాడు. బాగున్నాడు. ఆ రెండేళ్ళు మాత్రం తిరిగి రాలేదు. జబ్బు మొదలైన తరువాత వైద్యం ఎంత ఆలస్యమైతే కోలుకోవడం అంత కష్టమవుతుందని పుస్తకాల్లో చదివినప్పుడల్లా నాకు అతనే గుర్తొస్తాడు.

మందులు కూడా ఇద్దరికీ ఒకలా పనిచేయవు

ఈ విషయం రోగి ఇంట్లోవారికి తప్పక తెలియాలి. ఓలాంజపైన్, క్లోజపైన్ వంటి మందులు అదే మోతాదులో వేసుకున్నా ఆడవారి రక్తంలో ఎక్కువగా నిలుస్తాయి. మగవారిలో బీడీ, సిగరెట్, చుట్ట తాగేవారికి పొగలోని పదార్థాల వల్ల కాలేయం ఈ మందులను త్వరగా విరిచేస్తుంది. అందువల్ల మందు చాలదు. హఠాత్తుగా పొగ మానేస్తే మందు ఎక్కువవుతుంది. పొగ మానడం మంచిదే, కాని ఆ సంగతి డాక్టరుకు చెప్పి మోతాదు సరిచేయించుకోవాలి.

రిస్పెరిడోన్ వంటి మందులు ప్రొలాక్టిన్ అనే హార్మోనును పెంచుతాయి. దానితో కొందరు స్త్రీలకు నెలసరి ఆగిపోతుంది, పాలు పడతాయి. ఇంట్లోవారు గర్భం అనుకొని గాభరా పడతారు, లేదా పెళ్ళికాని పిల్లను అనుమానిస్తారు. చాలామంది అక్కడే మందు ఆపేస్తారు, జబ్బు తిరగబెడుతుంది. మందు మార్చడానికో, మోతాదు తగ్గించడానికో వీలుంటుంది. డాక్టరును అడగడానికి సిగ్గుపడకూడదు.

కాపురం విషయం

మద్రాసులో 1984లో డాక్టర్ శారదా మీనన్ స్కార్ఫ్ అనే సంస్థను స్థాపించారు. ఆమె మన దేశపు మొదటి మహిళా మానసిక వైద్యురాలు. ఆ సంస్థలో డాక్టర్ తార బృందం జబ్బు వల్ల కాపురం చెడిన 76 మంది స్త్రీలతో మాట్లాడి 2003లో ఆ వివరాలు ప్రచురించింది. 'నాకు మనోవ్యాధి ఉంది' అన్న బాధ కంటే 'భర్త వదిలేసింది' అన్న మాటే ఆ స్త్రీలనూ, వారి తల్లిదండ్రులనూ ఎక్కువ కుంగదీసిందని తేలింది. మగవాడికి జబ్బు వస్తే పెళ్ళి కాదు, లేదా దాచి పెళ్ళి చేస్తారు, భార్య సాకుతుంది. ఆడదానికి వస్తే పుట్టింట్లో దింపి వెళ్ళిపోతారు.

మెదడులో ఈస్ట్రోజెన్ ఆడపిల్లకు ఇచ్చిన మూడు నాలుగేళ్ళ మేలును సమాజం ఇలా తిరిగి లాగేసుకుంటోంది. ఆలస్యంగా వచ్చిన జబ్బు కనుక ఆమె అప్పటికే చదువుకొని, సంసారం నడిపి, తేలికగా కోలుకోవలసిన మనిషి. మందు, తోడు ఉంటే ఎక్కువమంది కోలుకుంటారు కూడా. 'పెళ్ళి చేస్తే పిచ్చి కుదురుతుంది' అన్న మాట మాత్రం నమ్మకండి. పెళ్ళి మందు కాదు. మీ అక్కకో, అన్నకో అలా చేయబోతుంటే చదువుకున్నవారిగా అడ్డు చెప్పండి.

మనం ఏం చేయాలి?

1. పక్క మంచం మీద ఉన్న స్నేహితుడిలో కొన్ని వారాలుగా మార్పు కనిపిస్తే గమనించండి. నిద్ర తారుమారు కావడం, స్నానం మానడం, తనలో తను మాట్లాడటం, తిండి మీద అనుమానం, మార్కులు ఒక్కసారిగా పడిపోవడం. ఒకటి కనిపించినంత మాత్రాన జబ్బు అని ముద్ర వేయకండి. నాలుగైదు కలిసి కనిపిస్తే ఊరుకోకండి.

2. 'నీకు వినిపించేది అబద్ధం' అని వాదించకండి, ఎగతాళి చేయకండి. 'నీకు అలా వినిపిస్తోంది కదా, భయంగా ఉండి ఉంటుంది, పద డాక్టరుతో మాట్లాడదాం' అనండి.

3. వార్డెన్ గారికి చెప్పండి. హాస్టల్ నుంచి పంపించేయమని కాదు, ఆసుపత్రికి తీసుకెళ్ళమని. బందరులో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో మొదలైంది. ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకోవడానికి ఫీజు ఉండదు.

4. 14416 కి ఫోన్ చేయండి. టెలి మానస్ అనే ఈ సేవ 2022 అక్టోబరు 10న మొదలైంది. ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు, పేరు బయటపెట్టరు. ఈ జబ్బు ఉన్నవారిలో నూటికి సుమారు అయిదుగురు ఆత్మహత్యతో చనిపోతున్నారు. ఎవరైనా చావు మాట ఎత్తితే తేలికగా తీసుకోకుండా ఒంటరిగా వదలకండి, ఆ రోజే ఫోన్ చేయండి.

5. గుడికి, చర్చికి, దర్గాకు వెళతామంటే వెళ్ళనివ్వండి. ప్రార్థన మనసుకు ధైర్యం. కాని మందు ఆపకూడదు, కట్టేయకూడదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో మంటలు అంటుకున్నప్పుడు గొలుసులతో కట్టేసి ఉన్న మనోరోగులు తప్పించుకోలేక 28 మంది చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులు వేయడాన్ని నిషేధించింది.

6. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో దీర్ఘకాల మనోవ్యాధి కూడా ఉంది. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే సదరం శిబిరంలో ధ్రువపత్రం తీసుకోవచ్చు. మీ ఊళ్ళో ఎవరికైనా అవసరమైతే దరఖాస్తు రాసి పెట్టండి. మనకు వచ్చిన చదువు ఆ మాత్రం ఉపయోగపడాలి.

7. మనోవ్యాధి ఉన్నవారంతా కొడతారు, చంపుతారు అన్నది సినిమాల మాట. వారిలో ఎక్కువమంది ఎవరికీ హాని చేయరు. పైగా ఇతరుల చేత దెబ్బలు తినేది వారే.

మిత్రులారా! మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. మనలో చాలామందిది ఇదే పరిస్థితి. అమ్మానాన్నలు ఊడ్పులకు, కోతలకు వెళ్ళి మన మీద ఆశ పెట్టుకున్నారు. అటువంటి ఇంటికి ఈ జబ్బు వస్తే ఒక మనిషికే కాదు, ఒక తరానికి దెబ్బ. మన ఇళ్ళల్లో ఈ జబ్బు పేరు తెలిసినవారు ఉండరు. మొదట గుర్తుపట్టగలిగేది తల్లిదండ్రులు కాదు, ఒకే గదిలో పడుకొని, ఒకే మెస్సులో తినే మనమే. 20 ఏళ్ళ కుర్రాడు మూడు నెలలు దుప్పటి కింద పడి ఉంటే 'వాడంతే' అనకుండా 'వీడికి ఏమైంది?' అని అడిగే ఒక్క స్నేహితుడు ప్రతి గదిలో ఉంటే చాలు. అతని చదువు నిలబడుతుంది, అతని ఇల్లు నిలబడుతుంది.

– పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. రెండవ సంవత్సరం